తాళం ఒక దారిన, తాళంచెవి ఒక దారిన

ప్రియమైన బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు ముందుగా నన్ను మన్నించు. ఇక్కడ అందరం క్షేమం. ఆవకాయ బాగానే కుదిరింది, మీ చెల్లాయికి మోకాలినొప్పి కొంత తగ్గింది. మిగిలిన కబుర్లు తరువాత రాస్తాను, ఎందుకంటే ఎదురింటి పిన్నిగారి దగ్గర నా పరువు పోయిన సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

నాన్న పొలం వాటాల విషయం నీకు తెలుసు కదా. న్యూజెర్సీలో ఉన్న మా అక్క, పవరాఫ్ అటార్నీ రాసే ముందు కాగితాలన్నీ ఒకసారి చూడాలని అడిగింది. దస్తావేజులు, పాస్ పుస్తకం, ఈసీ, అందరి ఆధార్, పాన్ కలిపి ముప్పై నాలుగు పేజీలయ్యాయి. వాటిని స్కాన్ చేయించడానికి జిరాక్స్ షాపుకు వెళితే, అక్కడి కంప్యూటరు తెర మీద మా వీధిలో సగం మంది ఆధార్ కార్డులు వరుసగా పరిచి ఉన్నాయి. “వాట్సాప్‌లో కొట్టేయండి సార్, అయిపోతుంది” అని ఆ కుర్రవాడు ఎంతో ఉదారంగా సలహా ఇచ్చాడు. నా ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, అతని కంప్యూటరులో ఉన్నవాటిని నా కళ్ల ముందే రీసైకిల్ బిన్ నుంచి కూడా తీసివేయించి గాని నేను కదలలేదు. స్కాన్ అవుతుండగా నాన్న సంతకం తెర మీద అంత పెద్దదిగా కనబడేసరికి, ఆ చివరి గీతను ఆయన ఎలా లాగేవారో గుర్తుకు వచ్చి... సరే, ఆ సంగతి వదిలేద్దాం.

ఇంటికి వచ్చి, ఆధార్ ఫైలు ఎలా తెరుచుకుంటుందో చూసి, అదే పద్ధతిని అనుకరించాను. పేరులో మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, వాటి పక్కన పుట్టిన సంవత్సరం: నాన్న పేరు, నాన్న సంవత్సరం పెట్టి తాళం బిగించాను. పైగా ఆ మెయిలులోనే, ఫైలు కిందనే, పాస్‌వర్డ్ కూడా రాశాను. పంపే మీట నొక్కబోతుండగా మా అమ్మాయి చూసి, “తాళం వేసి, చెవిని ఆ గొళ్లేనికే వేలాడదీశావు నాన్నా” అంది. అంతటితో ఆగలేదు. తాతయ్య పేరూ, పుట్టిన తేదీ సంవత్సరీకానికి మనమే ఫ్లెక్సీ మీద వేయించి సెంటరులో కట్టామని గుర్తు చేసింది. ఏటీఎం కార్డు అయితే కొన్నిసార్లు తప్పు నొక్కగానే ఆగిపోతుంది గాని, చేతికి చిక్కిన ఫైలు అలా మొరాయించదనీ, దొంగ తన కంప్యూటరు చేత లక్షల మాటలు ప్రయత్నింపజేసినా అది ఓపికగా భరిస్తుందనీ చెప్పింది. అందుకే పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలట, ఒకదానికొకటి పొంతన లేని మాటలతో కూడి ఉండాలట.

విండోస్‌లో ఫైళ్లన్నిటినీ ఒకే మూటగా కట్టే జిప్ ఉంది గాని, దానికి పాస్‌వర్డ్ పెట్టే వీలు లేదు కనుక, తను సెవెన్‌జిప్ అనే ఉచిత ప్రోగ్రాము ఎక్కించింది. అందులో సెవెన్‌జెడ్ రకం మూట ఎంచుకుని పాస్‌వర్డ్ పెడితే ఏఈఎస్-256 అనే గట్టి తాళం పడుతుంది. ఫైళ్ల పేర్లను కూడా దాచమని ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాలి. పెట్టకపోతే, లోపలి కాగితం చదవలేకపోయినా, “నాన్న వీలునామా” అన్న పేరు మాత్రం తాళం తీయకుండానే ఎవరికైనా కనిపిస్తుంది. ఫైలును మెయిలులో పంపి, పాస్‌వర్డ్‌ను ఫోనులో నోటితో చెప్పాలన్నది ఒప్పందం.

అసలు కథ ఇక్కడే మొదలైంది. ఆ తాళం ఇప్పుడు పనికిరాదు కనుక నీకు రాస్తున్నాను: “వంకాయ తాబేలు ధర్మకాటా పందిరిమంచం”. ఇవన్నీ తెలుగు మాటలే గాని, కొట్టవలసింది ఇంగ్లీషు అక్షరాలతో. ‘త’కు నేను టీ పక్కన హెచ్ పెడతాను, అక్క పెట్టదు. ‘కా’కు నాకు రెండు ఏలు కావాలి, ఆవిడకు ఒకటి చాలు. వంకాయకు ఆవిడ డబ్ల్యూ వాడుతుంది! ఇక్కడ రాత్రి పదకొండు, అక్కడ మధ్యాహ్నం. ఇంట్లో సిగ్నలు అందక వరండాలోకి వెళ్లి, “తాబేలక్కా, తాబేలు! టీ తరువాత హెచ్!” అని నేను ముప్పావుగంట అరిచాను. చివరికి ఫైలు తెరుచుకుంది. మరునాడు పొద్దున్నే పిన్నిగారు పాలగిన్నెతో ఎదురై, “రాత్రి తాబేలు దొరికిందా నాయనా?” అని అడిగారు. ధర్మకాటాతో సహా ఆవిడకు అన్నీ కంఠస్థం.

ఇక తాళం మార్చక తప్పలేదు. అయితే పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన, ముందు వెళ్లిన ఫైలు మారదు. అది పాత తాళంతోనే అక్క మెయిలులో కూర్చుని ఉంటుంది. ట్రాష్‌లో కూడా ముప్పై రోజులు ఉంటుంది కనుక, అక్కడి నుంచీ తీసేయమని బతిమాలి, కొత్త ఫైలు కట్టి నిన్న పంపాను.

అన్నట్టు, హాస్టలు రోజుల ఫొటోలు స్కాన్ చేయించి నీకూ ఒక ఫైలు పంపుతున్నాను. నువ్వు లుంగీతో గోడ దూకిన ఫొటో అందులో ఉంది కనుక తాళం అత్యవసరం. పాస్‌వర్డ్ ఈ ఉత్తరంలో రాయను. మెస్సు సాంబారుకు మనం పెట్టిన పేరు అది. మనిద్దరికీ, ఆ వంట మనిషికీ తప్ప మరెవరికీ తెలియదు. ఏలు ఎన్నో మాత్రం ఫోనులో, మెల్లగా చెబుతాను. ఇదిగో, అక్క ఫోను మోగుతోంది. కొత్త ఫైలు తెరుచుకోలేదో ఏమో, వరండాలోకి మాత్రం




ఉంటాను,
నీ బావ