నీ అక్షరాలు చిన్నవయ్యాయి నాన్నా

ఫిలడెల్ఫియా

నాన్నా,

నీ ఉత్తరం అందింది. మొదటి వరుసలో అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి. చివరికొచ్చేసరికి ఆవగింజలంత అయ్యాయి. పార్కిన్సన్స్‌లో చేతిరాత అలాగే కుదించుకుపోతుందని చదివినదాన్నే, అయినా నీ రాతలో చూసేసరికి చాలాసేపు కాగితం మడవలేకపోయాను.

"ఒక్క కణం పట్టుకొని ఇన్నేళ్లు ఏం చూస్తున్నవ్ బిడ్డా" అని రాశావు కదా. నువ్వు లైన్‌మన్‌గా ఉన్నప్పుడు తార్నాకలో సగం వీధి చీకటైతే సబ్‌స్టేషన్ మీటరు చూసి ఊరుకునేవాడివా? ఒక్కో స్తంభం ఎక్కి చూసేవాడివి. నా పనీ అదే. మెదడు ముక్కను నూరి పరీక్షిస్తే అన్ని కణాల లెక్కా కలిసిపోతుంది, ఆరిపోతున్నదేదో తెలియదు. ఈ జబ్బులో నడిమెదడులో నల్లగా కనిపించే చోట డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. పక్కనే ఉన్న ఇంకో గుంపు, అదీ డోపమైన్ చేసేదే, చాలావరకు తట్టుకుంటుంది. అన్నిట్లోనూ ఉన్నవి అవే జన్యువులు. ఏ కణంలో ఏవి పనిచేస్తున్నాయో వాటి నుంచి తయారయ్యే నకలు, ఆర్ఎన్ఏ, చెబుతుంది.

ఆ ఆర్ఎన్ఏ ఒక కణంలో ఉండేది సుమారు 10 పికోగ్రాములు. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం పికోగ్రాము! అందులో ప్రొటీన్ల తయారీకి కబురు మోసేది మహా అయితే నూటికి ఐదు వంతులు. 1992లో జేమ్స్ ఎబర్‌వైన్ బృందం ఎలుక మెదడు నుంచి అప్పుడే విడదీసిన, బతికున్న న్యూరాన్లలో ఒక్కోదాని ఆర్ఎన్ఏనే సన్నటి గాజు గొట్టంతో పట్టి, ఎన్నో రెట్లు నకళ్లు తీసి చదివింది. నేనూ అలాంటి గొట్టమే పట్టుకుంటాను. కొన కణాన్ని తాకేటప్పుడు ఊపిరి బిగబడతాను.

చిన్నప్పుడు, సెప్టెంబరులో సీసీఎంబీ పరిశోధన సంస్థ అందరికీ తలుపులు తెరిచే రోజున నన్ను సైకిల్ మీద హబ్సిగూడ తీసుకెళ్లావు. మైక్రోస్కోపు అందకపోతే ఎత్తి పట్టుకున్నావు. నేను చూసినంతసేపూ నీ చేతులు కదల్లేదు.

లెవోడోపా మాత్ర అన్నానికి అరగంట ముందు వేసుకోవచ్చేమో డాక్టరుగారిని అడుగు. పప్పు, గుడ్డులోని ప్రొటీన్ దాన్ని సరిగా ఒంటికి పట్టనివ్వకపోవచ్చు. అమ్మకు కూడా చెప్పు. ఈసారి గీతల కాగితం మీద రాయి, పై గీతకూ కింది గీతకూ తగిలేంత పెద్దగా. ఎంతసేపు పట్టినా నువ్వే రాయి.

నీ చిట్టి