మా షెడ్డులో వాన ఆగిందండీ

నిన్న పొద్దున బయట మైనస్ 12 డిగ్రీలు. షెడ్డులోకి వెళ్లి ముందు టేబుల్ సా (బల్లకి బిగించిన కరెంటు రంపం) మీద అరచెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. పోయిన ఏడాది ఇదే నెలలో ఆ బల్ల మీద నీళ్లు నిలిచాయి. పోత ఇనుము కదా, చుక్క పడ్డ చోటల్లా నారింజ రంగు మచ్చ. మధ్యలో సాయం చేసినవాళ్లకి ఫోన్ చేసి థాంక్స్ చెప్తుంటే మొహమాటపడి మాట మార్చేస్తున్నారు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

అమెరికాలోని ఒహాయోలో, కొలంబస్‌కి గంట దూరంలో ఇల్లు కొన్నప్పుడు వెనకాల 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న పోల్ బార్న్ కూడా వచ్చింది. లావుపాటి చెక్క స్తంభాలు నేలలో పాతి, అడ్డపట్టీలు కొట్టి, బయట ఇనుప రేకు బిగిస్తారు. అంతే. ట్రాక్టరు పెట్టుకోవడానికి, గడ్డి వేసుకోవడానికి కట్టే కొట్టం. మా నాన్న వడ్రంగి. చిత్రిక పట్టిన చెక్క వాసనలో పెరిగినవాణ్ని, అందులో నాకంటూ ఒక పనిచోటు చేసుకోవాలని ఆశపడ్డాను. రేకుల షెడ్డంటే మనకి వేసవిలో పొయ్యి అని తెలుసు. చలికాలంలో లోపల చినుకులు పడతాయని నాకెవరూ చెప్పలేదు.

మొదటి దండం పక్క పొలం పెద్దాయనకి. జీవితమంతా ఇళ్లు కట్టి రిటైరైన మనిషి. (ఆయనకి తెలుగు రాదు కాబట్టి కాస్త ఎక్కువ పొగిడినా ఇబ్బంది లేదు.) రేకు కారుతోందనుకుని నేను నిచ్చెనెక్కి స్క్రూ స్క్రూకీ సీలెంట్ పూస్తుంటే చూసి వచ్చారు. "వాన పడ్డ రోజు కారిందా?" అని అడిగారు. ఆలోచిస్తే, లేదు. ఎండ కాసిన పొద్దుటిపూటే కారుతోంది. లోపలికొచ్చి నా హీటర్ వైపు వేలు చూపించారు. పొగగొట్టం లేని ప్రొపేన్ హీటర్ అది. లీటరు ప్రొపేన్ మండితే ముప్పాతిక లీటరు పైనే నీరు ఆవిరై గాల్లో కలుస్తుంది. రాత్రి ఆ ఆవిరి చల్లటి రేకుకి మంచులా పట్టుకుని, పొద్దున ఎండ తగలగానే కరిగి రాలుతోంది. అంటే డబ్బులిచ్చి మరీ నేనే వాన కురిపించుకుంటున్నాను.

అంతకంటే పెద్ద మేలు, తొందరపడి సీలింగ్ కొట్టబోతున్న నన్ను ఆపడం. మా ట్రస్సులు, అంటే పైకప్పుని మోసే చెక్క చట్రాలు, 8 అడుగుల ఎడంలో ఉన్నాయి. పైన మంచు బరువు మోస్తాయి సరే, కింద సీలింగ్ వేలాడదీస్తే ఆగుతాయా? చవగ్గా కట్టిన షెడ్లలో ఒక్కోసారి ఆ లెక్కే వెయ్యరట. ట్రస్సుకి కొట్టిన చీటీ మీది నంబరు చూసి, తయారుచేసిన వాళ్లకి నా చేత ఫోన్ చేయించారు. కింది దూలం చదరపు అడుగుకి 5 పౌన్లు మోస్తుందని కాగితం వచ్చేదాకా సుత్తి ముట్టనివ్వలేదు. రెండు వారాలు నేను ఆయన మీద లోపల్లోపల గొణుక్కున్న మాట కూడా నిజం.

ఇక మన బ్యాచ్. మూడు శనివారాలు నిద్ర మానుకుని వచ్చారు. గోడల్లో వేడి బయటికి పోకుండా ఆపే ఆర్-19 ఫైబర్‌గ్లాస్ చుట్టలు (ఆర్ పక్కన అంకె ఎంత పెద్దదైతే అంత బాగా ఆపుతుంది) దూర్చడం ఒక్కసారి చేస్తే తెలుస్తుంది, దూలగొండి రాసుకున్నట్టే. హన్మకొండ అన్న చేతులకి ప్యాకింగ్ టేపు అంటించి పీకుతూ, "మీ ఇంటికి పిలిచింది ఇందుకారా?" అన్నారు. మళ్లీ శనివారం అందరికంటే ముందు వచ్చిందీ ఆయనే. దాని మీద ప్లాస్టిక్ షీటు, వెచ్చగా ఉండే లోపలి వైపు. తెనాలి తమ్ముడు ఒక్కో స్విచ్ బాక్సు చుట్టూ కూర్చుని టేపు వేశాడు. చిన్న చిల్లున్నా ఆవిరి అక్కణ్నించే దూరుతుందని పెద్దాయన భయపెట్టారు మరి. కౌంటీ ఇన్‌స్పెక్టరు వైరింగ్ చూసి సరేనన్నాకే గోడలు మూశాం. మూసేముందు మా ఆవిడ ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి ఫొటోలు తీసి పెట్టింది. ఇప్పుడు ఏ మేకు కొట్టాలన్నా ముందు తన ఫోనే చూస్తాను.

సీలింగ్ పైన సెల్యులోజ్ ఊదించాం. పాత న్యూస్‌పేపర్లు తురిమి, నిప్పంటుకోకుండా మందు కలిపిన సరుకు. 11 అంగుళాల మందం వేస్తే ఆర్-38 వస్తుంది. చూరు దగ్గర గాలి దారి పూడిపోకుండా పెద్దాయనే పైకెక్కి అట్ట అడ్డాలు కొట్టారు. కింద మెషీన్లో బస్తాలు పోసినవాళ్ల కనుబొమల మీద కూడా అచ్చక్షరాలున్న ముక్కలు. ఆ తర్వాత చెక్క షీట్లు, తెల్ల రంగు, వేడి కూడా ఇచ్చే మినీ స్ప్లిట్ ఏసీ. అవన్నీ తేలిక పనులే.

హన్మకొండ అన్నకి షూ ర్యాక్, తెనాలి తమ్ముడికి పూజ మందిరం బాకీ ఉన్నాను. పెద్దాయనకేం కావాలని అడిగితే, తన స్టేపుల్ సుత్తి తిరిగిస్తే చాలన్నారు. అది సీలింగ్ పైన, ఆ 11 అంగుళాల న్యూస్‌పేపరు కింద ఎక్కడో ఉందని ఆయనకింకా చెప్పలేదు.