నాటకంలో అందుకోవడమే అసలు పాఠం

సంపాదకులకు,

బడిలో నాటకం అనుకోగానే చాలాచోట్ల ముందు జరిగే పని, ఎవరి డైలాగులు వాళ్లకు చీటీల మీద రాసివ్వడం. తన మాటలే బట్టీపట్టిన పిల్లవాడు ఎదుటివాడి మాట వినడు, అది ఎప్పుడు ఆగుతుందా అని చూస్తుంటాడు. ఎదుటివాడు ఒక్క వాక్యం మింగేస్తే ఇద్దరూ గుడ్లప్పగించి నిలబడతారు.

తెర లాగే పిల్లతో సహా అందరికీ నాటకం మొత్తం ఇవ్వాలి. తన డైలాగు కింద ఒక రంగు గీత, దానికి ముందొచ్చే ఎదుటివాళ్ల చివరి మూడు నాలుగు మాటల కింద ఇంకో రంగు గీత గీయించాలి. అవి వినబడగానే తన డైలాగు అందుకోవాలి కాబట్టి, ముందు నోటికి రావలసింది ఈ రెండో రంగువే. బంతితో నేర్పితే ఇది త్వరగా పట్టుబడుతుంది. పిల్లలు గుండ్రంగా నిలబడి, డైలాగు చెప్పి, తర్వాత మాట్లాడవలసినవాళ్లకు బంతి విసరాలి. వరస ఎవరికి తెలియదో మొదటి ఆటలోనే బయటపడుతుంది. దీనితో ఒక చిక్కుంది: నాటకమంతా వచ్చేసిన పిల్లలు ఎదుటివాళ్ల డైలాగులకు కూడా పెదవులు కదుపుతారు. వద్దని కసిరితే ఆగదు. ఆ సమయంలో చేతికో కంటికో ఒక పని కల్పిస్తే ఆగుతుంది.

ఇరవై నిమిషాల నాటకానికి 6 వారాలు, వారానికి 3 రోజులు, రోజుకు 45 నిమిషాలు చాలు. మూడో వారం చివరికి కాగితం చేతిలో ఉండకూడదు. రోజూ మొదటి రంగం నుంచే మొదలుపెడితే అది అరిగిపోతుంది, చివరి రంగం పచ్చిగా మిగులుతుంది. వారానికి ఒకరోజైనా చివరి రంగంతో మొదలుపెట్టాలి.

నాలుగో వారం నుంచి కావాలనే తప్పులు చేయించాలి. ఒకరి చెవిలో మాత్రం ఫలానా డైలాగు వదిలెయ్యమని చెప్పి, మిగతావాళ్లు ఎలా దాటిస్తారో చూడాలి. తప్పిపోయిన విషయాన్ని ప్రశ్నగా మార్చి అడగడం తేలికైన ఉపాయం. 'రేపు ఊరెళ్తున్నాను' అనవలసినవాడు నోరు మెదపకపోతే, 'ఏం, రేపు ఊరెళ్తున్నావా?' అని పక్కవాడు అడిగితే కథ ముందుకు సాగుతుంది. తప్పు చేసినవాడిని చూసి నవ్వకూడదన్న నియమం మాత్రం మొదటిరోజే పెట్టాలి. ఒకసారి నవ్వులపాలైన పిల్ల గొంతు ఇక పైకి లేవదు.

ప్రాంప్టింగ్, అంటే మరిచిపోయిన డైలాగును తెరచాటు నుంచి అందించే పని, ఉపాధ్యాయులు చేయకపోవడమే మేలు. అన్ని రిహార్సల్స్‌కూ కూర్చున్న విద్యార్థి అయితే ఎక్కడ కావాలని ఆగుతున్నారో, ఎక్కడ మరిచిపోయి ఆగారో పోల్చుకుంటాడు. మొదటి రెండు మాటలు అందిస్తే చాలు, వాక్యమంతా చదవక్కర్లేదు.

గుంపులో నిలబడే పదిమందిని ఎవరూ పట్టించుకోరు, అల్లరి మొదలయ్యేదీ అక్కడే. వాళ్లను మూడు జట్లుగా విడదీసి, ఎవరెవరు, ఎక్కడినుంచి వచ్చారు, ఎవరి పక్షం అన్నది వాళ్లచేతే తేల్పించాలి. వింగ్ (వేదిక పక్కనుండే తెరచాటు) దగ్గర బల్ల మీద కాగితం పరిచి, నాటకంలో వాడే ప్రతి వస్తువు చుట్టూ గీత గీసి పేరు రాస్తే, తెర లేవకముందే ఏది లేదో ఖాళీ గీత చూసి చెప్పవచ్చు.

డైలాగులు ముందే రికార్డు చేసి పిల్లలచేత పెదవులు ఆడించే పద్ధతి మాకు బొత్తిగా నచ్చదు. అందులో ఒకరి మాట ఒకరు వినాల్సిన అవసరమే లేదు, టేపు ఎవరికోసమూ ఆగదు. రెండే మైకులుంటే, రిహార్సల్ గదిలో సుద్దతో వేదిక కొలత గీసి, మైకుల చోట రెండు కుర్చీలు వేసి రెండో వారం నుంచే అలవాటు చేయాలి. లేకపోతే ప్రదర్శన రోజు అందరూ ఒకే మైకు చుట్టూ మూగి, ప్రేక్షకులకు వీపులు చూపిస్తారు.

యాజమాన్యాలకు ఒక మనవి. దుస్తులు, దీపాలు, మైకులతో పూర్తి రిహార్సల్ ప్రదర్శనకు రెండు రోజుల ముందే జరగాలి. బయటపడ్డ లోపాలు దిద్దడానికి మధ్యలో ఒకరోజు మిగలాలి కదా. ఆ పూట వేదికను అలంకరణవాళ్లకు కాక పిల్లలకు ఇవ్వండి.

ఇట్లు,
బడి పిల్లలకు నాటకం నేర్పే ఉపాధ్యాయులు