పోలీసు డైరీకి ముందు బడి హాజరు పట్టీ

సంపాదకులకు నమస్కారం.

బైకు దొంగతనాల్లో మైనర్లు పట్టుబడ్డారన్న వార్త జిల్లా అనుబంధంలో కనిపించినప్పుడల్లా, చట్టం మరీ మెతకగా ఉండబట్టే పిల్లలు ఇలా తయారవుతున్నారని నలుగురూ అంటుంటారు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడుల్లో పనిచేసి రిటైరైన నాకు ఆ మాటతో పేచీ ఉంది. అందుకు కారణం నా ఉద్యోగపు చివరి రోజుల్లో జరిగిన ఒక సంగతి.

ఒక ఉదయం ప్రార్థన కాకముందే ఒక తల్లి వచ్చి, కొడుకు పుట్టిన తేదీ కాగితం ఇమ్మని అడిగింది. పదిహేనేళ్ల కుర్రవాడు, అదే వయసు పిల్లలు మరో ఇద్దరితో కలిసి మోటారు సైకిలు ఎత్తుకుపోయాడట. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం వయసు తేల్చడానికి మొదట చూసేది బడి ఇచ్చే ధ్రువపత్రాన్నే. అది గానీ, మునిసిపాలిటీయో పంచాయతీయో ఇచ్చే జనన పత్రం గానీ లేనప్పుడే ఎముకల పరీక్ష దాకా వెళతారు. అడ్మిషన్ రిజిస్టరు తీసి వెతికితే తేదీ దొరికింది. అదే వరుసలో, చివరి గడిలో, 'దీర్ఘకాలిక గైర్హాజరు, పేరు తొలగించడమైనది' అని ఎర్ర సిరాతో రాసి ఉంది. కింద ఉన్న పొట్టి సంతకం నాదే. ఎనిమిదో తరగతిలో సంక్రాంతి సెలవులకు వెళ్లినవాడు మళ్లీ బడి ముఖం చూడలేదు. ఎనిమిది పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి తీసివేయరాదని విద్యాహక్కు చట్టంలో ఉందని తెలిసే ఆ ముక్క రాశాను, అందరూ అలాగే రాస్తారు కనుక.

ఆమె చెప్పిన మిగతా కథ పెద్దదేమీ కాదు. లారీ మీద పనిచేసే తండ్రి కాలు విరిగి మంచాన పడితే, కుర్రవాడు బైకు మెకానిక్ షెడ్డులో కుదిరాడు. తాళం లేకుండా బండి స్టార్టు చేయడం నేర్చుకున్నది ఆ షెడ్డులోనే. అప్పటికి వాడికి పదమూడేళ్లు. పద్నాలుగు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోవడమే నేరం, కానీ ఆ షెడ్డు ముందు నుంచి రోజూ వెళ్లే మాలో ఎవరమూ ఆగి అడగలేదు.

ఇక చట్టం మెతకదనం సంగతి. గరిష్ఠంగా మూడేళ్ల వరకు శిక్ష పడే నేరాలను బాలల న్యాయ చట్టం చిన్న నేరాలంటుంది, మామూలు దొంగతనం వాటిలోదే. పెద్దవాళ్ల ప్రమేయం లేనప్పుడు ఇలాంటి వాటికి ఎఫ్ఐఆర్ కట్టకుండా, స్టేషన్ జనరల్ డైరీలో నమోదు చేసి, కుటుంబ నేపథ్యంపై నివేదిక రాసి బాలల న్యాయ మండలికి పంపాలని ఆ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమాలు చెబుతున్నాయి. ప్రతి స్టేషనులోనూ ఏఎస్ఐ హోదాకు తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. ఈ కుర్రవాణ్ని మాత్రం రాత్రంతా స్టేషను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను వెళ్లి అడిగితే, "లాకప్‌లో వేయలేదు కదా సార్" అన్నారు. నిజమే, వేయలేదు.

మండలి ముందుకు వెళ్లాక, పిల్లవాడి ఇంటి పరిస్థితులు ఆరా తీసే ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో సామాజిక విచారణ నివేదిక ఇవ్వాలి. నా లెక్కలో మొత్తం వ్యవస్థకు ప్రాణం అదే, ఎందుకంటే మండలిలోని మేజిస్ట్రేటూ ఇద్దరు సామాజిక కార్యకర్తలూ పిల్లవాడి జీవితాన్ని చూసేది ఆ కాగితంలోనే. దానికోసం ఆ అధికారి నుంచి నాకు వచ్చింది ఒక ఫోను. వాడి ప్రవర్తన ఎలా ఉండేదని అడిగారు, మంచివాడే, కాస్త అల్లరి అన్నాను. మూడు నిమిషాల్లో అయిపోయింది. బడి ఎందుకు మానేశాడని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆయన్ను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, తిరగాల్సిన మండలాలు అన్ని ఉన్నాయి మరి. మండళ్లలో ఖాళీలు నింపాలని, ప్రొబేషన్ అధికారుల పాత్ర కీలకమని సుప్రీంకోర్టు, ఈ చట్టం అమలు గురించి వేసిన సంపూర్ణ బెహురా కేసులో చెప్పింది 2018లో.

ఇంతకీ నా మనవి ఏమిటంటే, ఆ ఎర్ర సిరా గీతకూ ఆ బెంచీకీ మధ్య రెండేళ్ల వ్యవధి ఉంది. ఆ రెండేళ్లూ పిల్లవాడు ఎక్కడున్నాడో ఊరందరికీ తెలుసు, ఏ కాగితానికీ తెలియదు. ఇప్పుడు రిజిస్టరుతో పాటు, బడి పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేసే యూడైస్ పోర్టల్ వచ్చింది. బడి మానిన పిల్లవాడి పేరు అందులో డ్రాప్‌బాక్స్ అనే విడి జాబితాలోకి వెళ్లి కూర్చుంటుంది, బడి లెక్క శుభ్రంగా కనిపిస్తుంది. నెల రోజులు వరుసగా రాని ప్రతి పిల్లవాడి పేరూ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికీ, ఊళ్లోని బాలల పరిరక్షణ కమిటీకీ వెళ్లేలా, అంగన్‌వాడీ టీచరో ఉపాధ్యాయుడో ఆ ఇంటి గడప తొక్కి కారణం రాసేలా ఏర్పాటు చేస్తే, ప్రొబేషన్ అధికారి ఫోను చేయాల్సిన అవసరం చాలా కేసుల్లో రానే రాదు. కొత్త చట్టం అక్కరలేదు, కొత్త యాప్ అసలే అక్కరలేదు.

పనిలో పనిగా పత్రికలకూ ఒక మాట. ముఖానికి ముసుగు వేసిన ఫొటో కింద ఊరి పేరు, తండ్రి వృత్తి అచ్చువేస్తే ఆ పిల్లవాడెవరో మండలమంతా పోల్చుకుంటుంది. గుర్తుపట్టే వివరాలేవీ వెల్లడించకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ అంటోంది.

మా జిల్లాలో ఈ ఏడాది ఆరు నుంచి పది తరగతుల మధ్య ఎన్ని పేర్లు డ్రాప్‌బాక్స్‌లో ఉన్నాయో, వాటిలో ఎన్ని బాలల పరిరక్షణ విభాగానికి చేరాయో విద్యాశాఖ అధికారులు మీ పత్రిక ద్వారా తెలియజేయాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా