నిమ్స్ యూరాలజీ వార్డు సిస్టర్‌కి, నన్ను నిలబెట్టిన మా వాళ్లకి

నమస్తే అండి. నేను కొత్తపేటలో ఒక చీరల షాపులో సేల్స్‌లో పనిచేస్తాను. జూలై 18న పంజాగుట్ట నిమ్స్‌లో నా ఎడమ కిడ్నీలోంచి 2.4 సెంటీమీటర్ల రాయి తీశారు. అప్పుడు మూత్రం దిగడానికి లోపల పెట్టిన స్టెంట్, అంటే సన్నటి పైపు, నిన్న అది కూడా తీసేశారు. థ్యాంక్స్ చెబుదామని వార్డుకి వెళ్తే చెప్పాల్సిన మనిషి అక్కడ లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నొప్పి రెండేళ్ల నాటిది. షాపులో బాత్రూం కింద సెల్లార్‌లో ఉంటుంది, దానికి తాళం. సీజన్‌లో తాళంచెవి అడిగి కౌంటర్ వదిలి వెళ్తే మాట పడాలి. అందుకని పొద్దున వచ్చింది మొదలు రాత్రి తొమ్మిది దాకా ఒక్క గ్లాసు నీళ్లతో గడిపేదాన్ని. నాతో చేసే ఆడవాళ్లు చాలామంది అంతే. పక్కలో పోటు లేస్తే బస్తీలో ఒక ఇంజెక్షన్ వేయించుకుని మళ్లీ వచ్చి నిలబడేదాన్ని. అరటి దూట రసం, ఉలవకట్టు, కొండపిండి కూర, ఎవరేది చెప్తే అది చేశాను.

ఆపరేషన్ అంటే మాత్రం వణుకు. 1994లో మా నాన్నకి కిడ్నీ రాయి తీసినప్పుడు పక్క మీద జానెడు కోత పెట్టారు. మూడు నెలలు పొలం మొహం చూడలేదు ఆయన. చిన్నప్పుడు ఆ కుట్ల మచ్చ మీద వేలు పెట్టి లెక్కపెట్టేదాన్ని. నాకూ అదే గతి అనుకున్నాను.

ఆ భయం పోగొట్టింది ఓపీలో ఉన్న పీజీ డాక్టర్ మేడం. నా వెనక లైను తలుపు దాటి ఉంది. అయినా ఓపీ చీటీ వెనక కిడ్నీ బొమ్మ గీసి చూపించారు. "అయిదు మిల్లీమీటర్ల లోపు రాయైతే చాలాసార్లు దానంతట అదే పడిపోతుందమ్మా. ఇది ఆ సన్నటి దారిలో దిగేది కాదు" అన్నారు. రసాలు తాగినందుకు ఒక్క మాట అనలేదు. రెండు సెంటీమీటర్ల లోపు రాళ్లకి మూత్రం దారిలోంచే సన్నటి కెమెరా గొట్టం పంపి లేజర్‌తో పొడి చేస్తారట. నాది అంతకంటే పెద్దది కాబట్టి పీసీఎన్ఎల్ చేయాలన్నారు. వీపు వైపు నుంచి ఒక సెంటీమీటరు దారి చేసి, అందులోంచి టెలిస్కోప్ పంపి, రాయిని లోపలే పగలగొట్టి ముక్కలు బయటికి తీస్తారు. "మరి మా నాన్నకి అంత కోసారే మేడం?" అంటే, "అప్పట్లో అదే ఎక్కువ చేసేవాళ్లు. ఇప్పుడు అంత కోత ఎవరికో గానీ అవసరం పడదు" అన్నారు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లక్షా ఇరవై వేలు చెప్పారు. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు చేశారని పేపర్లో చదివానే గానీ నా రేషన్ కార్డుకి పనికొస్తుందని తోచలేదు. నిమ్స్‌లో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర అన్న ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్పి, అప్రూవల్ వచ్చేదాకా ఫోన్ చేసిన ప్రతిసారీ ఎత్తారు. అన్నా, మీ మేలు మర్చిపోను.

మొదట ఇచ్చిన డేటుకి ఆపరేషన్ చేయలేదు. యూరిన్ కల్చర్ అనే మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ ఉన్నట్టు వచ్చింది. లీవు పెట్టుకుని, పిల్లల్ని వదిన దగ్గర వదిలి వెళ్లానేమో, ఏడుపొచ్చేసింది. ఇన్ఫెక్షన్ ఉండగా రాయి కదిలిస్తే అది రక్తంలోకి పాకి ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్ మేడం కూర్చోబెట్టి చెప్పారు. యాంటీబయాటిక్స్ కోర్సు అయ్యాకే చేశారు. ఆ రోజు వాళ్లు తొందరపడనందుకు ఇప్పుడు దండం పెడుతున్నాను.

మా గల్లీ ఆటో అన్న అడగ్గానే వచ్చి రక్తం ఇచ్చాడు. వదిన పిల్లల్ని తన పిల్లల్లాగే చూసుకుంది. వీపు మీద ఇప్పుడు నా చిటికెన వేలి గోరంత మచ్చ ఉంది, అంతే. నాన్న కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి, "గింతేనా బిడ్డా?" అన్నాడు.

ఇక సిస్టర్ సంగతి. డిశ్చార్జ్ రోజు నాకు నొప్పి లేదు, ఇల్లు చేరితే చాలన్న హడావుడిలో ఉన్నాను. ఆమె ఫైలు నా చేతికిచ్చి, "లోపల పైపు ఉంది, గుర్తుంటదా?" అని అడిగింది. నేను తలూపాను. ఆమె నమ్మలేదు. డ్రెస్సింగ్ ట్రేలోంచి తెల్ల ప్లాస్టర్ ముక్క చింపి, దాని మీద పెన్నుతో "ఆగస్టు 12 - పైపు" అని రాసి, నా ఫోన్ తీసుకుని వెనక గట్టిగా అంటించింది. బొటనవేలితో రెండుసార్లు రుద్దింది కూడా.

శ్రావణ మాసం రద్దీ మొదలైంది. అడపాదడపా మూత్రంలో మంట తప్ప ఏమీ లేదు, పండగలయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. కౌంటర్ మీద ఫోన్ బోర్లా పెట్టి చీర మడతపెడుతుంటే మా షాపు అక్క ఆ ప్లాస్టర్ చదివింది. "ఇది ఎల్లుండే కదనే!" అంది. నా డ్యూటీ నలుగురూ పంచుకుని నన్ను పంపించారు. ఆ నలుగురే మేనేజర్ సార్‌తో మాట్లాడారు కూడా. ఇప్పుడు బాత్రూం తాళంచెవి బిల్లింగ్ కౌంటర్ పక్కన మేకుకి ఉంటోంది, ఎవరినీ అడగక్కర్లేదు. మా బాటిళ్లు ఇప్పుడు వరసగా ర్యాక్ కింద ఉంటున్నాయి.

నిన్న స్టెంట్ తీయడం పది నిమిషాల్లో అయిపోయింది. జెల్లీ పెట్టి తీశారు, కాస్త మంట, అంతే. ఇది నెలల తరబడి మర్చిపోయి వచ్చేవాళ్లు ఉంటారని, అప్పటికి పైపు చుట్టూ మళ్లీ రాయి కట్టి, కొందరికి కిడ్నీయే దెబ్బతింటుందని డాక్టర్ గారు చెప్పారు. అది విన్నాక కాళ్లు చల్లబడ్డాయి. మీలో ఎవరికైనా స్టెంట్ వేసి ఉంటే తీసే డేటు ఇప్పుడే చూసుకోండి.

తర్వాత పైకి వెళ్లి అడిగితే, ఆ సిస్టర్‌కి వేరే వార్డులో డ్యూటీ వేశారన్నారు. పేరు అడగడం ఆ రోజే మర్చిపోయాను. నిమ్స్‌లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఆమెకి చేరవేయండి. సిస్టర్, 12నే వచ్చాను. పైపు తీసేశారు. మీ ప్లాస్టర్ ఇంకా ఊడలేదు.