చెక్క రెండో కొస ఎవరు పట్టుకుంటున్నారు?

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి. పండగలోపు తలుపులు, కిటికీలు బిగించేయాలన్న తొందర బొబ్బిలి చుట్టుపక్కల ఊళ్లలో ఏటా ఉండేదే కనుక, వడ్రంగుల ఇళ్లలోని పిల్లలు తండ్రికో, చిన్నాన్నకో సాయంగా వెళ్లడమూ మామూలే. పనస దుంగను ఉలితో తొలిచి వీణ చేసే ప్రాంతం మనది. పిల్లలు చెక్కపని చూసి నేర్చుకుంటే నాకు సంతోషమే. అయితే ఉలి వేరు, చేత్తో పట్టుకుని నడిపే కరెంటు రంపం వేరు.

మిషను పిల్లల చేతికి ఇవ్వడం లేదని చాలామంది అంటారు. కానీ "ఆ కొస పట్టుకోరా" అని పిలవడం మాత్రం మానరు. ప్రమాదం అక్కడే ఉంది. రెండు కొసలూ ఎత్తులో ఉండి నడుమ ఆధారం లేని చెక్కను మధ్యలో కోస్తున్నప్పుడు, అది కిందికి వంగి, కోసిన సందు పైభాగంలో మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది. అప్పుడు మిషను ఒక్కసారిగా కోసేవారి వైపే వెనక్కి తన్నుతుంది. సాయం చేస్తున్నాననుకుని పిల్లవాడు కొసను ఎంత గట్టిగా ఎత్తి పట్టుకుంటే ఆ సందు అంత బిగుసుకుంటుంది. పొడవాటి చెక్కయితే గీతకు ఇరువైపులా దగ్గరగా దిమ్మలు పెట్టండి. చిన్న ముక్కయితే, మిగతా చెక్కను బల్లకు బిగించి, తెగిన ముక్కను దానంతటదే పడనివ్వండి. ఇందులో దేనికీ పిల్లవాడి అవసరం లేదు.

అడ్డొస్తోందని, బ్లేడు పళ్లను కప్పి ఉంచే కింది గార్డును తీగతో పైకి కట్టేసే అలవాటు దయచేసి మానండి. స్విచ్ వదిలాక కూడా బ్లేడు కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. బ్లేడు చెక్క అడుగు నుంచి ఒక పన్ను మేర బయటికి వస్తే చాలు, మార్చేటప్పుడు ప్లగ్ తీసేయాలి, మెడలో తువ్వాలు ఉండకూడదు, కళ్లద్దాలు తప్పనిసరి. ఇనుము కోసే చేతి గ్రైండరుకు పళ్ల బ్లేడు బిగించి కలప కోయడం అన్నిటికంటే చెడ్డది: 4 అంగుళాల గ్రైండరు నిమిషానికి 10,000కు పైగా చుట్లు తిరుగుతుంది, అది కలపలో చిక్కుకుంటే పెద్దవారి చేతికే ఆగదు.

1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, సెలవుల్లో ఇంటి పనికి సాయపడేందుకు పిల్లలకు వెసులుబాటు ఇచ్చినా, ప్రమాదకరమైన పనులను అందులోనుంచి మినహాయించింది. చట్టం మాట అలా ఉంచినా, కొలతలు తీయడం, గీతలు గీయడం, చెక్కను నున్నగా చేసే రందా పట్టడం నేర్పండి. మిషను నడిచేటప్పుడు మాత్రం పిల్లలను దూరంగా ఉంచండి.

ఒకవేళ గాయమైతే పసుపు, కాఫీపొడి అద్దవద్దు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి ఉంచి, 108కి ఫోన్ చేయండి. వేలు తెగిపోతే దాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచి, గాయపడినవారితోపాటే ఆసుపత్రికి పంపండి. ఐసు నేరుగా వేలికి తగలకూడదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు,
బొబ్బిలి మండలం, విజయనగరం జిల్లా