సైకిల్‌కి గీత కూడా పడలేదు

నానీ,

ఎలా ఉన్నావు? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్నకి బీపీ మాత్ర మార్చారు, కొత్తది పడినట్టే ఉంది. వెనకింటివాళ్లు మళ్లీ మన గోడవైపే కొబ్బరి మట్టలు పడేస్తున్నారు. చెల్లికి పరీక్షలు అయిపోయాయి. ఊరికే రాయాలనిపించి రాస్తున్నాను, ప్రత్యేకంగా విషయమేం లేదు. నువ్వు మూడు ఆదివారాలుగా ఫోన్ చెయ్యలేదని అసలే కాదు. పని ఉంటుంది, నాకు తెలుసు. నేను పంపిన నాలుగు మెసేజ్‌లకీ కలిపి ఒక బొటనవేలు బొమ్మ పంపావు, అది చాల్లే.

భాస్కర్ కూతురి పెళ్లికి వెళ్లొచ్చాం. భోజనాలు బాగున్నాయి, మామిడికాయ పప్పు మాత్రం ఉత్త నీళ్లు. అక్కడ సరళ తోడికోడలు కలిసింది, వాళ్లబ్బాయి కూడా బ్రెజిల్‌లో, మీ సావోపాలోలోనే ఉంటున్నాడట కదా. సరే, ఆ సంగతి తర్వాత.

నువ్వు మార్చిలో పంపిన వీడియో మళ్లీ చూశాను. సాంతా క్రూజ్ మెట్రో స్టేషన్ బయట పిల్లలంతా గుంపుగా నిలబడి, మధ్యలో ఇద్దరు ఒకడి ముఖంలో ముఖం పెట్టి మరొకడు రాప్ పాటలో తిట్టుకుంటున్నది. అప్పుడు నాకది కోడిపందెంలా కనిపించింది. "అది అవధానంలాంటిదే అమ్మా, అప్పటికప్పుడు అల్లాలి, ప్రాస తప్పకూడదు" అంది చెల్లి. అవధానంలో ఎవరూ తిట్టుకోరు అన్నాను. మీ నాన్న పేపరు వెనకనుంచి "తిరుపతి వెంకట కవులూ కొప్పరపు కవులూ ఏం చేశారు మరి?" అన్నారు. ఆయన నోరు విప్పేదే రోజుకి రెండుసార్లు, అందులో ఒకటి ఇలా నా మీదికి.

ఆ గుంపులోంచే పైకొచ్చిన ఎమిసిడా గురించి చెల్లి చెప్పింది. రాప్ పాడేవాణ్ణి ఎంసీ అంటారట, ఆ మాటకి హంతకుడు అనే మాట కలిపి ఆ పేరట, పోటీలో ఎదుటివాణ్ణి పాటతోనే చంపేస్తాడని. పేరు వినగానే నాకు టెన్షన్ వచ్చిందనుకో. కానీ 2019 నవంబరులో అతను మీ ఊరి మున్సిపల్ థియేటర్లో కచేరీ చేశాడని, 1978లో నల్లవాళ్ల ఉద్యమం తొలి బహిరంగ సభ జరిగింది ఆ థియేటర్ మెట్ల మీదేనని, ఆనాటివాళ్లు కొందరు ఆ రాత్రి లోపల కుర్చీల్లో కూర్చుని అతని పాట విన్నారని తెలిశాక మళ్లీ మొదటినుంచీ చూశాను. మెట్ల మీదినుంచి కుర్చీల్లోకి రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఇంకో తమాషా చూశావా, మీవాళ్లు మాట మొదట్లో ర అని రాసి హ అని పలుకుతారట, రాప్‌ని "హెపి" అంటారట. చెల్లి ఆ మాట అన్నప్పుడల్లా నాకు "హ్యాపీ" అనే వినిపిస్తోంది. పాటలు చూస్తే ఒక్కటీ హ్యాపీగా లేదు.

నువ్వు చెప్పిన ఆ నలుగురి ఆల్బం కూడా విన్నాను. రాసియొనైస్ ఎంసీస్ అనే బృందానిది, 1997లోది. చెల్లి ఫోన్లో తెలుగు అర్థం చదువుతుంటే, చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుని, వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తూ. ఒక పాట ముందు ఒకతను వార్తలు చదివినట్టు లెక్కలు చదువుతాడు చూడు, నేను కత్తి పక్కన పెట్టేశాను. ఏ కేసూ లేని శివారు కుర్రాళ్లలో నూటికి అరవైమంది పోలీసుల చేత దెబ్బలు తిన్నవాళ్లేనని, పోలీసుల చేతిలో చచ్చిపోయిన ప్రతి నలుగురిలో ముగ్గురు నల్లవాళ్లని, యూనివర్సిటీల్లో నల్లపిల్లలు నూటికి ఇద్దరని. ముప్ఫై రెండేళ్లు సోషల్ చెప్పినదాన్ని, బోర్డు మీద ఎన్ని లెక్కలు రాశానో, ఒక్కదానికీ క్లాసు అలా నిశ్శబ్దం కాలేదు.

నాకు సిగ్గుగా కూడా అనిపించింది. బ్రెజిల్ అంటే పిల్లలకి నేను చెప్పింది కాఫీ, అమెజాన్, ఫుట్‌బాల్. బానిసత్వం అనగానే అమెరికా, లింకన్. ఆఫ్రికానుంచి దాదాపు యాభై లక్షలమందిని ఓడల్లో తెచ్చింది బ్రెజిల్‌కేనని, రెండు అమెరికా ఖండాల్లోనూ చిట్టచివర, 1888 మే 13న రద్దు చేసిన దేశం అదేనని ఏ పాఠంలోనూ చెప్పలేదు. రద్దు చేసి వాళ్ల చేతిలో ఏం పెట్టారు? భూమి లేదు, బడి లేదు. కాఫీ తోటలకి ఇటలీనుంచి తెల్లవాళ్లని ప్రభుత్వ ఖర్చుతో రప్పించుకున్నారు. ఆపైన మా దేశంలో రంగు తేడాలు లేవు, అందరం కలిసిపోయాం అని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. లేదు అన్నదానికి వ్యతిరేకంగా ఎవడైనా ఎలా పోరాడతాడు, ముందు ఉందని చెప్పాలి కదా. ఆ కుర్రాళ్లు చేసింది అదేననిపించింది నాకు. ఆ బృందం మొదలైంది 1988లోనట, రద్దయిన సరిగ్గా నూరేళ్లకి.

ఆ ఆల్బంలోని జైలు పాట మాత్రం పూర్తిగా వినలేకపోయాను. 1992 అక్టోబరు 2న కరందీరు జైల్లో పోలీసులు 111 మంది ఖైదీలని చంపేశారు, అక్కడి ఖైదీ ఒకతను రాసుకున్న డైరీనుంచి తీసిన పాట. ఇప్పుడా జైలు పడగొట్టి పార్కు చేశారటగా, లైబ్రరీ కూడా ఉందట. శనివారాలు అక్కడికి వెళ్లొచ్చుగా. పగలు వెళ్లి పగలే రావచ్చు. ఊరికే అంటున్నాను.

అన్నీ నచ్చాయని కాదు సుమా. వాళ్ల మొదటి రోజుల పాటల్లో ఆడవాళ్ల గురించి మాట్లాడిన తీరు నాకేం బాగోలేదు, అమ్మల గురించి అంత కన్నీళ్లతో పాడేవాళ్లు మిగతా ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి అలా ఎందుకవుతారో. అక్కడా చాలామంది తప్పుపట్టారట. అయితే, నూటికి ఇద్దరు అని ఏ ఆల్బంలో అన్నారో అదే ఆల్బంని కంపీనాస్ యూనివర్సిటీ తన ఎంట్రన్సు పరీక్షకి చదవాల్సిన పుస్తకాల్లో పెట్టింది చూడు, 2020 పరీక్షకి, అది నాకు భలే నచ్చింది. ఈలోగా 2012లో రిజర్వేషన్ చట్టం కూడా వచ్చింది. మీ నాన్నకి చెప్తే రెండో మాట కూడా ఖర్చు పెట్టారు, "మంచిదే" అన్నారు.

శీను మామయ్య మొన్న వచ్చాడు, నిన్ను అడిగాడు. మామయ్య చెయ్యి కథ నీకెప్పుడైనా చెప్పానో లేదో. 1985లో, వాడికి పందొమ్మిదేళ్లు. ఎక్కడ సభ జరిగినా డప్పు తీసుకుని పోయేవాడు, ఇంట్లో తాతయ్యకి ఇష్టం లేదు, అమ్మమ్మ అన్నం మూతపెట్టి ఉంచేది. ఒకరోజు రాత్రి ఒంటిగంట దాటాక వచ్చాడు. రెండు అరచేతులూ వాచిపోయి బూరెల్లా ఉన్నాయి. సైకిల్ మీంచి పడ్డానమ్మా అన్నాడు. అమ్మమ్మ ఒక్క మాట అడగలేదు. బుడ్డి దీపం వెలిగించి, పసుపూ సున్నం నూరి పట్టువేసి, అన్నం కలిపి తనే ముద్దలు పెట్టింది. పెద్దాడికి ముద్దలు పెడుతోందని నేను నవ్వితే నన్ను కసిరింది. తెల్లారి లేచి చూస్తే సైకిల్ తుడుస్తోంది. హ్యాండిల్‌నుంచి వెనక చక్రందాకా, చువ్వ చువ్వా తుడిచింది. ఇదేంటి ఈవిడకి సైకిల్ మీద అంత ప్రేమ అనుకున్నాను.

పదకొండేళ్ల తర్వాత గృహప్రవేశం రోజు మామయ్య అందరి ముందూ నవ్వుతూ చెప్పాడు, ఆ రాత్రి బస్టాండ్ దగ్గర ఆపి, ఈ వేళప్పుడు డప్పేంట్రా, ఏ పేటరా నీది అని లాఠీతో అరచేతుల మీద కొట్టారని. అమ్మమ్మ తమలపాకులకి సున్నం రాస్తూ తలెత్తకుండా, "నాకు తెలుసురా, సైకిల్‌కి గీత కూడా పడలేదు" అంది. మరి అడగలేదేం అంటే, "అడిగితే నువ్వు ఇంకో అబద్ధం ఆడాల్సొచ్చేది" అంది.

నాకు అమ్మమ్మకున్నంత ఓపిక లేదు నానీ. సరళ తోడికోడలు ఏమందంటే, మూడు వారాల క్రితం శనివారం రాత్రి నిన్నూ నీ ఆఫీసు స్నేహితులిద్దర్నీ పోలీసులు ఆపి, చేతులు తలమీద పెట్టించి గోడవైపు తిప్పి నిలబెట్టారట. "ఆ నల్లవాళ్లతో తిరిగితే అంతే మరి వదినా" అని కూడా అంది, జాంగ్రీ నములుతూ. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఏడో తరగతిలో చెల్లికి తెల్లబడే క్రీము కొనిచ్చింది నేనే. దాన్నేం అనను?

పోలీసులు అలా ఆపి నిలబెట్టడానికి మీవాళ్లు ఒక మాట వాడతారట, ఎంక్వాద్రో అని, చెల్లి వెతికి చెప్పింది. నిన్ను కొట్టారా? ఇండియా వాడివని కార్డు చూసి నిన్ను వదిలేసి, వాళ్లిద్దర్నీ ఉంచేశారా? అలా అయితే నువ్వు వచ్చేశావా, అక్కడే నిలబడ్డావా? వచ్చేసి ఉంటే బాగుండునని ఒక పూటా, రాకుండా ఉంటే బాగుండునని ఒక పూటా అనుకుంటున్నాను, ఏది అయినా నాకు నిద్ర లేదు. వాళ్లమ్మలకి తెలుసా? వాళ్లకి ఇది ఎన్నోసారి?

నిన్ను వెళ్లొద్దనను. అన్నా వింటావా? కానీ కార్డు ఎప్పుడూ జేబులోనే ఉంచుకో, దాని ఫొటో చెల్లికి పంపు. చీకట్లో ఆ టోపీ చొక్కా తల మీదికి లాక్కుని తిరగకు. వాళ్లు ఆపితే చటుక్కున జేబులో చెయ్యి పెట్టకు. అక్కడిప్పుడు చలికాలం, ఆ సన్నవాన పడుతుందన్నావు, స్వెట్టరు చొక్కా లోపల వేసుకోవయ్యా, పైన కాదు. ఆ నల్లచిక్కుళ్ల కూర రోజూ తింటే గ్యాసు, రెండు రోజులకోసారన్నా పెరుగన్నం తిను. గోంగూర పచ్చడి ప్యాక్ చేసి ఉంచాను, సరళ తోడికోడలి కొడుకు వచ్చే నెల వచ్చి వెళ్తాడట, వాడితో పంపాలంటే మళ్లీ ఆవిడకి ఫోన్ చెయ్యాలి, చేస్తాను, ఏం చేస్తాం. మూడు సీసాలు పెడుతున్నాను, ఆ ఇద్దరికీ చెరొకటి ఇవ్వు, కారం ఎక్కువని ముందే చెప్పు.

ఈ ఆదివారం ఫోన్ చెయ్. మీకు పొద్దున్న తొమ్మిదైతే మాకు సాయంత్రం ఐదున్నర, మీ నాన్న కూడా వాకింగ్ మానేసి ఇంట్లోనే ఉంటానన్నారు. వీడియో కాల్ చెయ్యి, మామూలు కాల్ కాదు. ఫోన్ ఎక్కడైనా ఆనించి పెట్టి, కొంచెం దూరంగా కూర్చో, రెండు చేతులూ కనబడేట్టు.

అమ్మ